పెద్ద మేడం జరిపిన పేర్లు

మొన్న మంగళవారం పొద్దున కుక్కర్ దించుతుంటే ఫోన్ మోగింది. మా సెక్షన్‌లో టైపు చేసే అమ్మాయి. "అక్కా, పెద్ద మేడం పోయిందట. రాత్రి ఖమ్మం దవాఖానల పానం పోయిందట" అంది. "అవునా" అన్నాను. ఫోన్ పక్కన పెట్టి పప్పు ఎనిపాను. ఉప్పు సరిపోయిందో లేదో చూశాను కూడా. ఏడుపు రాలేదు. వస్తుందేమోనని ఆగి చూసుకోనూ లేదు.

పోయినవాళ్ళ గురించి మంచే రాయాలంటారు. అలా రాసేవాళ్ళు చాలామందే ఉన్నారు, రాస్తారు. నేను నాకు తెలిసిన పెద్ద మేడం గురించి రాస్తున్నాను. ఇల్లందులో మా గని ఆఫీసు పర్సనల్ సెక్షన్‌కు ఆమె హెడ్ క్లర్క్. నాది ఆమె పక్క కుర్చీ. పెళ్ళి కాకముందు ఆ కుర్చీలో కూర్చున్నాను, పెళ్ళయ్యాక కూర్చున్నాను, కడుపుతో ఉండి కూర్చున్నాను. అన్ని రోజులూ తిట్లు తిన్నాను. మనిషిగా ఆమె నాకు నచ్చలేదు. పోయిందని ఇప్పుడు నచ్చడం మొదలుపెట్టలేను.

ఆమె నీళ్ళ గ్లాసు మీద స్టీలు మూత ఉండేది. ఆ మూత మీద తన చేతి గడియారం విప్పి ఒక లెక్క ప్రకారం పెట్టేది. తను లేనప్పుడు ఎవరైనా మూత తీస్తే తెలియడానికి! ఆఫీసు మొత్తంలో ఆ గ్లాసులో నీళ్ళు తాగే ధైర్యం ఎవరికుందని? మేం ఎవరమైనా నవ్వితే తలెత్తి "ఏందంట?" అనేది. సంగతి చెబితే నవ్వేది కాదు, చెప్పకపోతే ఊరుకునేది కాదు. ఆదివారం మా ఇద్దరిదీ ఒకటే చర్చి. ముందు బెంచీలో కూర్చొని, ప్రార్థన మధ్యలో వెనక్కి తిరిగి ఎవరు ఆలస్యంగా వచ్చారో చూసేది. అక్కడా హాజరే. ఎవరైనా కష్టం చెప్పుకోవడానికి వస్తే, "నాకు చెప్పకు, రాసియ్యి" అనేది. కన్నీళ్ళు పెట్టుకుంటే, "ముందు పని కానియ్, ఏడుపు ఇంటికి తీస్కపో" అనేది.

ఆ రోజుల్లో మా పెద్దాఫీసు వాళ్ళకు కొత్త సాఫ్ట్‌వేర్ మీద మోజు పుట్టింది. పనిచేసే ప్రతి మనిషికీ అందులో ఒక పేజీ ఉంటుంది. ఫొటో, చేసే పని, ఎవరి కింద చేస్తున్నాడు, ఫోన్ నంబరు, కింద "నా గురించి" అని ఒక చిన్న పెట్టె. అది ప్రొఫైల్. ఒక గనిలో ఒక షిఫ్టులో దిగేవాళ్ళంతా ఒక టీమ్. అది కాక, ఎవరైనా ఏదో ఒక పేరు పెట్టి కమ్యూనిటీ తెరవొచ్చు, ఇష్టమున్నవాళ్ళు చేరొచ్చు. నేర్పడానికి హైదరాబాద్ నుంచి టై కట్టుకొని ఒక పిల్లగాడు వచ్చాడు. తెర మీద బొమ్మలు చూపించి, "ఇక మీదట మీరంతా ఒకే కుటుంబం" అన్నాడు.

"మా కుటుంబాలు మాకున్నయ్ బాబూ. పాస్‌వర్డ్ ఎట్ల మార్చాల్నో గది చెప్పు" అంది పెద్ద మేడం.

గనిలో దిగేవాళ్ళు కంప్యూటర్ ముట్టరు కాబట్టి వాళ్ళ పేజీలన్నీ మేమే నింపాలి. నింపేది నేను, సరేనని ఒప్పుకునేది ఆమె. ఆమె ఒప్పుకుంటేనే పేజీ తెరుచుకుంటుంది. అలాంటి మనిషి చేతికి అలాంటి అధికారం ఇచ్చారు.

ఫొటోల దగ్గరే మొదలైంది. షిఫ్టు అయిపోయి పైకి ఎక్కి వచ్చినవాళ్ళు అలాగే ఆఫీసుకు వచ్చి నిలబడితే, "మొహం కడుక్కొని రా, గిట్లుంటే నీ పెండ్లాం సుత గుర్తువట్టది" అని తోలేది. స్టూడియోలో జలపాతం తెర ముందు నల్ల కళ్ళద్దాలు పెట్టుకొని దిగిన ఫొటోలు తెచ్చేవాళ్ళు. అవీ చెల్లవు. రెండు చెవులూ కనబడాలి. మా మేనేజర్ గారు తన పెళ్ళి ఫొటోలోంచి మొహం కత్తిరించి పంపితే, భుజం మీద దండ కనబడుతోందని అదీ తిప్పి పంపింది. ఆయన మళ్ళీ దిగాడు. అప్పుడు ఎడమ చెవి లేదంది.

బొగ్గు తొట్లను తాడుతో పైకి లాగే హాలేజీ దగ్గర ఒక పెద్దాయన ఉండేవాడు. ఏన్కూరు వైపు మనిషి. "నా గురించి" అన్న పెట్టెలో ఏం రాయాలి తాతా అని అడిగితే, "ఏం లేదు బిడ్డా, ఖాళీగ ఉంచు" అన్నాడు. పెద్ద మేడం కాగితాల్లోంచి తలెత్తింది.

"ఏం లేకుంట ఇన్నేండ్లు ఎట్ల బతికినవ్? కూసో. చెప్పు. ఈమె రాస్తది."

ఆయన బెంచీ అంచు మీద కూర్చొని చెప్పాడు. మొదటి రోజు గనిలోకి దిగినప్పుడు చీకటికి భయమేసి ముందువాడి అంగీ కొస పట్టుకొని నడిచాడట. కూతుర్ని నర్సు చదివించాడట. భజనలో డోలక్ వాయిస్తాడట. నేను టైపు కొడుతూ పోతే పెట్టె నిండిపోయింది. "తగ్గియ్యి. కూతురి ముచ్చట ఉంచు, కడమది తీసెయ్" అంది ఆమె. పెద్దాయన గొంతు సవరించుకొని, "అంగీ కొస ముచ్చట ఉంచున్రి మేడం" అన్నాడు. ఆమె నా వైపు చూసి, "ఉంచు" అంది. డోలక్ పోయింది. ఇదంతా దయ అనుకోకండి. పెట్టె ఖాళీగా ఉంటే ఆ పేజీ సగమే అయినట్టు కంప్యూటర్ చూపిస్తుంది. ఆమెకు సగం పని కంటికి ఆనదు, అంతే.

నేను క్లబ్బు క్యారమ్స్ పోటీల కోసమని సరదాగా ఒక కమ్యూనిటీ తెరిచాను. మా కోల్‌బెల్టులో చేరడం అంటే ఊరికే చేరడం కాదని నాకప్పుడు తట్టలేదు. ఒక యూనియన్ వాళ్ళు ముందు చేరారు. అది చూసి ఇంకో యూనియన్ వాళ్ళు తమకు వేరే క్యారమ్స్ కమ్యూనిటీ కావాలన్నారు, తెరుచుకున్నారు. ఇందులోంచి అందులోకి మారిన ఒకతన్ని బస్టాండ్ దగ్గర చొక్కా పట్టుకున్నారు. మర్నాడు పొద్దున నేను వచ్చేసరికి రెండూ లేవు. నన్నొక్క మాట అడగలేదు. "నేను తెరిచింది మీరెట్ల తీస్తరు మేడం?" అంటే, "క్లబ్బుల బోర్డు ఉన్నది, బిళ్ళలున్నయ్. పోయి ఆడుకోమను" అంది. వారం రోజులు ఆమెతో పని మాట తప్ప మాట్లాడలేదు. ఆమె అది గమనించినట్టే లేదు.

ఇవన్నీ చిన్న కోపాలు. అసలు కోపం ఇక్కడ.

ఆ ఏడాది మా పాత గనుల్లో ఒకటి మూసేస్తున్నట్టు ఆర్డర్ వచ్చింది. బొగ్గు అయిపోయింది. ఆ గని టీమ్‌లను సాఫ్ట్‌వేర్‌లో మూసేసి, వాటిలోని పేర్లన్నీ "సర్ప్లస్" అనే కొత్త టీమ్‌లోకి మార్చమన్నారు. సర్ప్లస్ అంటే మిగిలిపోయినవాళ్ళు. ఆ టీమ్‌లో పడిన పేరు గోదావరి అవతలి గనులకు పోతుందని చిన్నపిల్లలకు కూడా తెలుసు. మా ఆయనది ఆ గనే. నాకప్పుడు ఐదో నెల. అత్తగారు లేరు. అమ్మ నేలకొండపల్లిలో మంచం మీదున్న నాన్నను వదిలి రాలేదు.

ఒక్క దారి ఉంది. మూసిన గనిలో కొన్నాళ్ళు నీళ్ళు తోడాలి కాబట్టి, పంపుల దగ్గరకు కొద్దిమందిని ఉంచుతారు. ముందు ఉద్యోగంలో చేరినవాళ్ళకు ముందు. మా ఆయన ఆ వరుసలో రాడు. అయినా అడిగాను. అడిగినందుకు సిగ్గుపడటం లేదు. మళ్ళీ అలాంటి రోజొస్తే మళ్ళీ అడుగుతాను.

"మేడం, మా ఆయన పేరు పంపుల టీమ్‌ల ఉంచున్రి. కాన్పయినంక మీరే తీసేయున్రి."

"ఆయన కంటే ముందు చేరినోళ్ళు లేరా?"

"ఉన్నరు మేడం."

"మరి?"

"నేను కడుపుతోని ఉన్న."

"కనవడుతుంది. కడమోళ్ళ పెండ్లాలల్ల ఎందరు కడుపుతోని ఉన్నరో నాకు కనవడదు. నా పక్కన కూసున్నవని నీకియ్యాల్నా?"

సెక్షన్ మొత్తం వింటోంది. నేను మౌస్ వదల్లేదు. "జరుగు" అని నా చేతిలోంచి మౌస్ తీసుకుంది. మా ఆయన పేరు మీద నొక్కింది, టీమ్ మార్చింది. నిజంగానే మార్చాలా అని కంప్యూటర్ అడిగింది. అదైనా అడిగింది. ఆమె అవునని నొక్కి, కుర్చీలో వెనక్కి ఒరిగి, "తర్వాత పేరు చదువు" అంది.

నేను చదివాను. ఒక్కొక్క పేరూ చదివించింది. ఆ మధ్యాహ్నమంతా నా నోటితోనే మా గని ఖాళీ అయింది. అది నేను మరిచిపోలేదు, మరిచిపోను.

ఆ వారంలోనే పైనుంచి ఎవరో పెద్దమనిషి ఫోన్ చేశాడు. తన చుట్టాన్ని పంపుల దగ్గర ఉంచమన్నాడు. "రాసియ్యున్రి సార్" అంది పెద్ద మేడం. అలాంటివి ఎవరు రాసిస్తారు? ఆ చుట్టం పేరూ సర్ప్లస్‌లోకి పోయింది. కొన్నాళ్ళకు ఆమె దగ్గర పాస్‌వర్డ్ తీసుకొని ఆమెను గోదాముకు మార్చారు. రిటైరయ్యే దాకా అక్కడ బూట్లూ టోపీలూ ఇచ్చుకుంటూ కూర్చుంది. గ్లాసూ మూతా చేత్తో పట్టుకొని ఆఫీసు మెట్లు దిగి వెళ్ళిందట. నేనప్పటికి సెలవులో ఉన్నాను. ఉన్నా లేచి నిలబడేదాన్ని కాదు.

మా ఆయన వెళ్ళిపోయాడు. ఆదివారం వచ్చి ఆదివారమే బస్సెక్కేవాడు. నాకు నొప్పులొచ్చింది ఒక వానాకాలపు మధ్యాహ్నం. గోడ పట్టుకొని తలుపు దాకా వచ్చి, పక్క క్వార్టరు తలుపు కొట్టాను. ఆ ఇంటాయనా సర్ప్లస్‌లో పోయినవాడే. "అయ్యో వదినే, జల్దీ లెవ్వు" అంటూ ఆమె వచ్చింది. ఎదురింటామె ఆటో పట్టుకొచ్చింది, వెనక లైనామె పాత చీరలు మూటకట్టింది. అందరూ మా గని వాళ్ళ పెళ్ళాలే. ఒక్క ఇంట్లోనూ మగమనిషి లేడు. వాళ్ళే నన్ను ఎత్తారు, వాళ్ళే దవాఖానలో నా పక్కన పడుకున్నారు, వాళ్ళే బిడ్డకు మొదటి స్నానం చేయించారు.

కాన్పు తర్వాత పక్కింటి వదినె నా జడ విప్పి దువ్వుతూ అంది: "ఆఫీసుల ఉంటవ్ కదా, నీ మొగన్ని ఆపుకుంటవనే అనుకున్నం. ఆపుకుంటే నీ గడప తొక్కకపోదుం. అబద్ధమెందుకు?"

నేను మంచం ఊచ పట్టుకొని కళ్ళు మూసుకున్నాను. పెద్ద మేడం అడ్డం పడకపోతే మా ఆయన పంపుల దగ్గర ఉండేవాడు. ఆయన షిఫ్టుకు పోయి ఉంటే, ఆ మధ్యాహ్నం నేను ఎన్ని తలుపులు కొట్టినా ఒక్కటీ తెరుచుకునేది కాదు. ఆమెకు ఇవేవీ తెలియవు. ఆమె నా కోసం ఏమీ చేయలేదు. వరుస తప్పకుండా పేర్లు మార్చింది, అంతే. అయినా ఆ పూట నుంచి ఆమెను మనసారా తిట్టుకోలేకపోయాను. ఆ సుఖం కూడా నా దగ్గర్నుంచి లాగేసుకుంది.

బిడ్డను మొదటిసారి చర్చికి తీసుకెళ్ళిన రోజు ఆమె దగ్గరకొచ్చి వంగి చూసింది. "చెవులు మంచిగున్నయ్" అంది. ఇంకో ఆదివారం మెట్ల దగ్గర దొరికితే అడిగేశాను. "మీరు నాకు అన్యాయం చేసిన్రు మేడం."

"అన్యాయం చెయ్యలే. దయ చూపలే. రెండు ఒకటి కాదు పిల్లా."

"నాకప్పుడు దయే కావాల్సుండె."

ఆమె కాసేపు గొడుగు మడత సర్దుకుంది. "కోపం పోలేదా?"

"పోలే."

"ఉండనియ్" అని మెట్లు దిగిపోయింది. మా మధ్య చివరి మాటలు అవే.

బుధవారం పాతిపెట్టారు. రాత్రంతా వాన పడి ఆగింది. మా ఆయన రాత్రి బస్సుకు బయలుదేరి నేరుగా సమాధుల తోటకే వచ్చాడు. ఆయన ఒక్కడే వస్తాడనుకున్నాను. మూసిన గని వాళ్ళు ఎక్కడెక్కడి గనుల నుంచో వచ్చారు, బస్సుల్లో, మోటార్ సైకిళ్ళ మీద. ఎవరూ ఏడవడం లేదు. దండ పట్టుకొని నిలబడ్డ ఒకతను, "ముసల్ది నా పోరగాళ్ళ చదువు ఆగం చేసింది" అని పక్కవాడితో అంటున్నాడు. అంటూనే ముందుకెళ్ళి దండ వేశాడు. ఫోన్ చేసిన పెద్దమనిషి గానీ, ఆయన చుట్టం గానీ రాలేదు. పాస్టర్ గారు ఆమె మెత్తని మనసు గురించి చెబుతుంటే వెనక ఎవరో గట్టిగా దగ్గారు.

పెట్టె దించాక ఒక్కొక్కరూ పిడికెడు మట్టి వేయాలి. అందరూ వేళ్ళు సడలించి మెల్లగా జారవిడిచారు. నా వంతు వచ్చింది. నేను విసిరాను. గట్టిగానే విసిరాను. మట్టి పెడ్డ మూత మీద ధన్‌మని పడింది, అందరూ తిరిగి చూశారు. మా ఆయన నా మోచేయి పట్టుకొని, "అయింది కదా, పా" అన్నాడు.

"కాలే" అని మళ్ళీ వంగాను. రెండో పిడికిలి నిండా మట్టి తీసుకున్నాను. అప్పుడొచ్చింది ఏడుపు. విసరలేకపోయాను, జారవిడవలేకపోయాను. చెయ్యి చాపి అలాగే నిలబడ్డాను. ఎవరూ తొందరపెట్టలేదు. నా వెనక, ఆమె దూరం పంపిన మగవాళ్ళంతా తలా పిడికెడు తడి మట్టి పట్టుకొని, వరుసలో ఆగి ఉన్నారు.