భయం తెచ్చుకున్నావా?

మొన్న ఆయుధపూజ రోజు పంతులుగారు మామిడాకుతో పసుపు నీళ్లు చల్లుతుంటే ఒక చుక్క నా చేతి మీద పడింది. పక్కవాళ్లు కళ్లకద్దుకున్నారు. నేను గబుక్కున తుడిచేసుకున్నాను. పుణ్యం పోతే పోయింది, ఆ చల్లదనం తగిలితే నాకిప్పటికీ భయమే. సుబ్బారావుగారు గుర్తొస్తారు.

ఇబ్రహీంపట్నం దగ్గర ఒక చిన్న రసాయనాల కంపెనీలో నా మొదటి ఉద్యోగం. ఆయన మా చీఫ్ కెమిస్టు, ఉయ్యూరు మనిషి. పొద్దున్నే ల్యాబు గుమ్మంలో నిలబడి, "ఏమ్మాయ్, క్యారేజీ తెచ్చుకున్నావా? భయం తెచ్చుకున్నావా?" అని అడిగేవారు. నేను నవ్వేదాన్ని. మా దగ్గర కోబాల్ట్ ట్రైఫ్లోరైడ్ అనే గోధుమరంగు పొడి ఉండేది. చూడటానికి కాఫీపొడే. "కోబాల్టుకి ఆ మూడో ఫ్లోరిన్‌తో ఇష్టంలేని కాపురమమ్మా. ఎవరు దొరికితే వాళ్లకి అంటగట్టేద్దామని చూస్తుంటుంది. నీళ్లు తగిలాయా, ఇక చెప్పక్కర్లేదు," అనేవారు. నీళ్లు తగిలితే పుట్టే హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం మొదట నొప్పి తెలియనివ్వదు. చర్మం దాటి, ఎముకలోని కాల్షియం కోసం పోతుంది. మా కృష్ణ ఒడ్డున గాలిలోనే తడి. అందుకే ఆ సీసాను పొడిగాలి నింపిన అద్దాల పెట్టెలోనే తెరిచేవాళ్లం.

నేను చేరిన ఏడు ఆయుధపూజకు రమ్మని కేకేస్తున్నారన్న తొందరలో, తూకం వేశాక మూత పెట్టానే గానీ బిగించలేదు. అలాగే బయటికి తెచ్చి బల్ల మీద ఉంచాను. పంతులుగారు వచ్చి బల్లలన్నిటి మీదా నీళ్లు చల్లారు. సీసా మెడ దగ్గర తెల్లటి పొగ లేచింది. హారతికని గ్లవ్స్ తీసేసి ఉన్న సుబ్బారావుగారు ఒట్టి చేత్తోనే దాన్ని పట్టుకెళ్లి, పొగ పీల్చే గూట్లోకి తోసి అద్దం దించేశారు. తర్వాత బొటనవేలు కుళాయి కింద పెట్టి, కాల్షియం జెల్ తెమ్మన్నారు.

"నొప్పిగా ఉందా సార్?"

"లేదమ్మా," అన్నారు. "అదే నా భయం."

ఆసుపత్రికి వెళ్లేదాకా ఆయన ఆ వేలినే చూస్తూ కూర్చున్నారు. ఆయన అరవటం లేదేమిటా అని నేను పక్కన చచ్చేంత భయపడ్డాను. సాయంత్రానికి నొప్పి మొదలైంది. వేలి చివర తీసేయాల్సి వచ్చింది. మూత పెట్టిందెవరని మేనేజరు ఎంత అడిగినా ఆయన చెప్పలేదు. ఉద్యోగం పోతుందని నేనూ నోరు విప్పలేదు. ఆయన రిటైరయ్యే రోజున ఇక ఆగలేక, ఎందుకు చెప్పలేదని అడిగాను.

"చెబితే నీకు మేనేజరంటే భయమొచ్చేదమ్మా. ఉండాల్సింది సీసా అంటే."

ఇప్పుడు ఆ కుర్చీ నాది. ఏ మూతైనా ఒకటికి రెండుసార్లు బిగిస్తాను, ఇంట్లో ఆవకాయ జాడీదైనా సరే. పొద్దున్నే కొత్తగా చేరినవాళ్లని, "భయం తెచ్చుకున్నారా?" అని అడుగుతాను. వాళ్లు నవ్వుతారు. నేనూ అలాగే నవ్వాను.