వజ్రాల మామ చూపు

తొలకరి పడితే చాలు, మా మేనమామ జొన్నగిరి చేలల్లో వానకు పైకి తేలే వజ్రాలు వెతికేవాడు. ఇరవై ఏళ్లలో ఆయనకు దొరికింది నడుం నొప్పి ఒక్కటే. ఆ ఏడు డెంగీ జ్వరం తగ్గాక, నేలను నేరుగా చూడకుండా కోడిలా తల పక్కకు వంచి చూడసాగాడు.

“ఏం మామా, రాళ్లకు కన్ను కొడతాండావా?”

“చూపు నడిమధ్యలో నల్లమచ్చ ఉండాదప్పా. కర్నూలుకు పోయి సూపిద్దామా?”

“ఈ వానలు పోనీ. నువ్వు ఆస్పత్రిలో ఉన్నప్పుడే వజ్రం పైకి తేలుతాది.”

ఇద్దరం నవ్వుకుని మళ్లీ చేలో దిగాం.

వానలు పోయాక కర్నూలుకు పోతే, జ్వరం తర్వాత కంటి వెనకుండే రెటీనా పొర వాచి దెబ్బతిందని, నెల ముందే వచ్చుంటే కొంత చూపు నిలిచేదేమోనని కంటి డాక్టరు చెప్పాడు.

బయటికొచ్చాక మామ నా వైపు తిరిగాడు. “నీ ముఖం కనపడల్యా. నవ్వుతాండావా?”

“నవ్వుతాండా మామా,” అన్నాను.