పెళ్లికార్డులో పేర్ల వరస

2017. విజయనగరంలో ఉంటూ చుట్టుపక్కల ఊళ్ల వ్యాపారాలకు నెట్‌వర్కులు చూసేదాన్ని. బొబ్బిలిలో అప్పలస్వామిగారి ప్రింటింగ్ ప్రెస్సుకూ నేనే దిక్కు. మూడు కంప్యూటర్లు, డిజైన్లన్నీ దాచే ఒక సర్వరు, ప్రెస్సు వెనకే వాళ్ల ఇల్లు.

ఆయనకు రిమోట్ బ్యాకప్ పెట్టాను. అంటే సర్వర్లోని ఫైళ్ల నకలు, ఇతరులు చదవలేకుండా ఎన్‌క్రిప్ట్ అయి, నెట్ మీద హైదరాబాదు డేటా సెంటర్‌కు దానంతట అదే పోతుంది. మొదటిసారి అన్నీ వెళ్తాయి. తర్వాత రోజూ మారినవే వెళ్తాయి, దాన్ని ఇంక్రిమెంటల్ అంటాం. ప్రెస్సు ఖాళీగా ఉంటుందని మధ్యాహ్నం రెండింటికి టైము పెట్టాను.

మొదటి వారమంతా ఫెయిల్, ఫెయిల్ అని మెయిళ్లు. తీరా చూస్తే ఆయన భోజనానికి లేస్తూ మోడెమ్ ఆపేస్తున్నారు!

"మడిసికి కునుకు కావాల, మిషనుకి అక్కర్లేదేటమ్మా?" అన్నారు.

ఫోన్లోనే చెడామడా దులిపాను. తర్వాత సక్సెస్ మెయిళ్లు మొదలయ్యాయి. దారికొచ్చారని మురిసిపోయాను.

శ్రావణం ముందు ఒక సాయంత్రం ఫోన్ చేశారు. "అమ్మా, సర్వరు సచ్చిపోనాది. బేగి రా!"

వెళ్లి చూస్తే హార్డ్ డిస్క్ పోయింది. అక్కడ గజపతినగరం పెళ్లికూతురి మేనమామ సింహాచలంగారు తల పట్టుకుని కూర్చున్నారు. ఇక్కడ వేయించే పెళ్లికార్డులో ఎవరి పేరు ఎవరి కింద వేయాలో తేలక రెండు వైపులవాళ్లూ నెలంతా కొట్టుకున్నారట. ఆ ఉదయమే పెద్దలంతా ఇక్కడ కంప్యూటర్ చుట్టూ నిలబడి రాజీపడి, పాత ప్రూఫులు చింపేసి వెళ్లారు. ఇప్పుడు ఎవరిని అడిగినా తన పేరే పైన ఉందంటున్నారు.

"మళ్లీ మొదలెడితే మా బావ ఒప్పుకోడు తల్లీ. పెళ్లే ఆగిపోతాది," అన్నారాయన. ఆ గొంతు విని నాకు జాలేసింది.

"మధ్యాహ్నం బ్యాకప్‌లో ఉంటుందండీ," అన్నాను ధీమాగా.

అప్పలస్వామిగారు తల గోక్కున్నారు. "ఇయాల కూడా మోడెమ్ ఆపీసేనమ్మా. రోజూ ఆపీస్తన్నాను."

ఫోన్లో మెయిళ్లు తెరిచి చూశాను. మరి ఆ సక్సెస్ మెయిళ్లేమిటి?

వెనక వంటింటి గుమ్మంలోంచి ఆయన భార్య పైడితల్లిగారు పకపకా నవ్వారు. "ఆయన ఆపీసి తొంగుంటారు. మా రాయగడ అక్క కొత్త ఫోను కొన్నకాడ్నుంచి నేను మోడెమ్ మళ్లీ ఏసి ఆవిడితో వీడియోలో మాటాడతన్నాను. ఇంజినీరమ్మా, సరిగ్గా రెండింటికి మా అక్క మొకం ఆగిపోతన్నాది, ఏటది?"

"అది నా బ్యాకప్ నెట్టంతా లాగేసుకునే వేళ పిన్నిగారూ!" అని ఎగిరి గంతేశాను.

ఆ ఒక్క ఫైలునీ పక్క కంప్యూటర్లోకి దింపాను. తెర మీద కార్డు వచ్చింది. సింహాచలంగారు వేలు పెట్టి ఒక్కో పేరూ చదువుకున్నారు. తన పేరు మూడోది.

"మూడోదైతే ఏటి, ఉన్నాది! ఎవుడూ ముట్టుకోకండి, అచ్చెయ్యండి," అని అరిచారు. అందరం పగలబడి నవ్వాం.

బ్యాకప్‌ను మూడింటికి జరిపి, అక్కాచెల్లెళ్లకు రెండు గంటల వేళ వదిలేశాను. మెయిల్లో సక్సెస్ అని ఉంటే చాలదు, అది ఎవరి పుణ్యమో కూడా తెలియాలి. అందుకే ఇప్పుడు ఏ ఊళ్లో బ్యాకప్ పెట్టినా, సర్వర్ గదికన్నా ముందు వంటింటి గుమ్మం దగ్గరికే వెళ్తాను.