శాంతవ్వ తువ్వాల

తాండూరు బస్టాండులో కరణ్‌కోట బస్సు ఇంకా ఆగకముందే శాంతవ్వ, కూరగాయలమ్మిన ఖాళీ గంప చంకన పెట్టుకుని పక్కనే పరుగెత్తుతుంది. భుజం మీది పాత తువ్వాలను కిటికీలోంచి సీటు మీదికి విసురుతుంది. ఒకప్పుడు ఆ సీటు భర్త జంగప్ప కోసం. నాపరాళ్ల పాలిషింగు పని ముగించుకుని, ఒళ్లంతా తెల్లటి దుమ్ముతో ఆయన ఆఖరి నిమిషంలో ఎక్కేవాడు. ఆయన చనిపోయాక కూడా ఆమె చేయి ఆగలేదు. బస్సు కదిలేదాకా అక్కడ ఎవరినీ కూర్చోనివ్వదు. కదిలాక తువ్వాల మడిచి ఒళ్లో పెట్టుకుంటుంది. రానివాళ్ల కోసం ఎవరు కాచుకున్నా తాండూరులో ఇప్పుడు "శాంతవ్వ తువ్వాల ఏసినవా" అని నవ్వుతారు.

మొన్న కాలేజీ పిల్ల ఒకతె, ఆమె ఎవరో తెలియక, "అవ్వా, ఎవలన్న వస్తరా, లేకుంటే శాంతవ్వ తువ్వాలనా?" అంది. శాంతవ్వ బస్సు కదలకముందే తువ్వాల తీసింది.

"కూసో బిడ్డా. శాంతవ్వ ఎవలు?"

"ఏమో అవ్వా. అందరంటరు, నేనూ అన్న."

బస్సు కదిలింది. దుమ్ము వాసన ఎప్పుడో పోయిన ఆ గుడ్డను మడుస్తూ, కిటికీ వైపు తిరిగి శాంతవ్వ మెల్లగా అంది:

"తువ్వాల జంగప్పది, బిడ్డా."