బెంగళూరు మార్కెట్టులో బ్రహ్మముడి

భార్యకు బెంగళూరు చూపించడంలో ఎన్ని విధాల చెడిపోవచ్చో అన్ని విధాలా ఒక్క పూటలోనే చెడిపోయినవాణ్ణి నేను. నమ్మకపోతే తొంభైల నాటి నా డైరీ ఉంది. ఆ రోజు పేజీలో పద్నాలుగు టైములున్నాయి. నా భార్య మంగమ్మ పేరు ఒక్క చోటా లేదు. అడుగున ‘ఆవు’ అని మాత్రం రాసి ఉంది. తొందరపడకండి, ఆవు దగ్గరికే వస్తున్నాను.

అప్పట్లో నా ఉద్యోగం పుంగనూరులో, మా చేను కుప్పం పక్కన పల్లెలో. శనివారం వచ్చి సోమవారం పోయే నేను ఇంటికి యజమానిని కాదు, చుట్టాన్ని. అరెకరా చామంతి తోట మంగమ్మ చేతి మీదే నడిచేది. కోసిన పూలు గంపకెత్తి, గుర్తుకు తన పాత నీలం చీర పేలిక కట్టి, బెంగళూరు రైలుకు పంపేది. ఆరేళ్లు పంపింది. ఆ గంప ఎక్కడ దిగుతుందో ఎన్నడూ చూడలేదు. పెళ్ళయ్యాక ఆమె నోరు తెరిచి అడిగిన కోరిక ఒకటే.

“మన పూలు ఎవరు కొంటారో ఒక్క తూరి సూడాలప్పా.”

సరేనని నాలుగు రోజులు కూర్చుని పట్టిక వేశాను. ముఖం కడుక్కోవడానికి ఎనిమిది నిమిషాలు, టిఫినుకు ఇరవై, లాల్‌బాగ్‌కు గంటన్నర. పూల మార్కెట్టు మధ్యాహ్నం ఒంటిగంటకు. పూల వేలం పొద్దున్నే ముగుస్తుందని ఆమె చెప్పకపోలేదు. పట్టిక సిరాతో రాసేశాను కదా, ఎలా మారుస్తాను?

బెంగళూరు స్టేషను బయటికి రాగానే ఆ జనాన్ని చూసి నా గుండె జారింది. తిరునాళ్ళలో పిల్లలు తప్పిపోతారు; ఈ ఊళ్ళో పెళ్ళాలు కూడా తప్పిపోతారనిపించింది. నా తువ్వాలు ఒక కొన నా మణికట్టుకు, రెండో కొన ఆమె కొంగుకు కట్టాను. పెళ్ళిలో పురోహితుడు వేసిన బ్రహ్మముడి చాలలేదన్నమాట.

నేను ముందు, ఆమె వెనక. నా కళ్ళలో ఒకటి గడియారం మీద, ఒకటి పట్టిక మీద. టిఫిను హోటలుకు పోయే దారి పూల మార్కెట్టు పక్క నుంచే. అక్కడ తువ్వాలు బిగిసింది.

“ఆడ సూడప్పా, నీలం పేలిక! మన గంప!”

“అది ఒంటిగంటకు ఉండాది. ఇప్పుడు టిఫిను.” తిరిగి చూడకుండానే చెప్పాను.

కాసేపటికి తువ్వాలు వదులైంది. దారికి వచ్చిందనుకుని, నగరంలో నడిచే పద్ధతి మీద ఉపన్యాసం మొదలుపెట్టాను. ఇన్నేళ్ళ కాపురంలో నా మాట ఎదురు చెప్పకుండా విన్నది ఆ ఒక్కసారే. ఎదురుగా వస్తున్నవాళ్ళు నవ్వుతుంటే పట్నంవాళ్ళు మర్యాదస్తులని తిరిగి నవ్వాను కూడా. ఇంతలో ఆకుకూరలమ్మే ఒక ముసలామె అడ్డం వచ్చింది.

“యాడికప్పా, నా ఆవును తోలకపోతాండావు?”

వెనక్కి తిరిగాను. తువ్వాలు కొన ఆవు మెడ పలుపుకు కట్టి ఉంది. మా పల్లెలో దూడలకు వేసే ముడి. చచ్చినా ఊడదు. ఆవు క్యాబేజీ ఆకు నములుతూ, తర్వాతి సూత్రమేమిటన్నట్టు నన్ను చూస్తోంది.

“నా భార్య అనుకుంటినమ్మా,” అన్నాను.

“అట్లనా,” అని ఆమె నా మణికట్టు నుంచి ఆవు మెడ దాకా చూసింది. “అయితే ఆయమ్మను గూడా ఇట్లనే కట్టి తోలకొస్తివా?”

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆ మాట అప్పుడే తగిలి ఉంటే బాగుపడేవాణ్ణి. తగల్లేదు. ముడి కోయించుకుని వెనక్కి పరుగెత్తాను. మంగమ్మ నీలం పేలిక గంప పక్కనే నిలబడి ఉంది. చుట్టూ పసుపు, ఎరుపు పూల గుట్టలు, కేకలు, తోపులాట. ఆ మధ్యలో ఆమె ముఖం నేనెన్నడూ చూడనంత వెలుగుతోంది.

“ఒక్క నిమిషం ఉండప్పా. మన గంప వేలానికి ఎత్తినారు. ఎవురు తీసుకుంటారో సూసి వస్తా.”

“టైమెంతయిందో తెలుసునా? నీ వల్ల నలభై నిమిషాలు పోయినాయి,” అని అందరి ముందూ అరిచి, చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను.

వెనక ఎవరో ఆఖరి ధర పలికారు. ఆమె తల తిప్పేలోపు జనం అడ్డం వచ్చారు. లాల్‌బాగ్‌లో ఆమె ఒక్క పువ్వు వంకైనా చూడలేదు. సాయంత్రం రైలులో కూర్చుని ‘కార్యక్రమం సకాలంలో ముగిసింది’ అని డైరీలో రాసుకుని, అడుగున ‘ఆవు’ అని చేర్చాను. ఆలస్యం అమృతం విషం అంటారు. నా తొందర ఆమె అమృతాన్ని నేలపాలు చేసింది.

మళ్ళీ తీసుకుపోవచ్చు లెమ్మనుకుంటూ ఏళ్ళు దాటించాను. ఈలోగా బోరు ఎండింది, చామంతి పోయింది. రెండువేల సంవత్సరం దాటాక, రిటైరై మదనపల్లెలో స్థిరపడ్డాక, ఒక అర్ధరాత్రి ఇద్దరం బెంగళూరు బస్సెక్కాం. పట్టిక లేదు. గడియారం ఇంట్లోనే పెట్టి వచ్చాను. పూల మార్కెట్టు మెట్ల మీద మూడు గంటలు ఊరికే కూర్చున్నాం. జనానికి ఎదురీదితే భయం కానీ, ఒక పక్కన కూర్చుంటే కాలువ గట్టున కూర్చున్నట్టే ఉంటుందని నాకప్పుడు తెలిసింది. గంప ఎత్తిన ప్రతిసారీ మంగమ్మ కొన్నవాళ్ళ ముఖం కనబడేదాకా మాట ఆపేసేది. చివరికి నెమ్మదిగా అంది.

“ఆ పొద్దు మన పూలు ఎవురు కొనిరో ఏమో.”

నా డైరీలన్నీ తిరగేసినా దానికి జవాబు లేదు.

లేచేటప్పుడు ఆమె నా తువ్వాలు తీసుకుని తన కొంగుకు ముడి వేసింది. “యాలమ్మే?” అన్నాను.

“నువ్వు తప్పిపోతావు. పోయిన తూరి తప్పిపోయింది నువ్వే కదప్పా.”

కాబట్టి ఆ డైరీ పేజీ సాక్షిగా, ఆ ఆవు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకపై ఏ ఊళ్ళో ఎవరికి ముందు నడిచినా పది అడుగులకొకసారి వెనక్కి తిరిగి, వస్తున్నది ఎవరో చూసుకుంటాను.