"గైడుల ఉన్నదే కరెక్టు సార్"

మా బోధన్ వైపు నుంచి గణితంలో డాక్టరేటు తెచ్చుకున్న మొదటి ఆడమనిషి నా క్లాస్‌మేటే. ఇప్పుడు యూనివర్సిటీలో ప్రొఫెసర్. ఎవరైనా "నీ దోస్తేనట గదా!" అంటే పైకి నవ్వుతాను. కడుపులో భగ్గుమంటుంది. అబద్ధమెందుకు, ఇన్నేళ్లయినా ఆ మంట చల్లారలేదు.

ఎనభైల్లో ఇద్దరం రోజూ బస్సెక్కి నిజామాబాద్‌లో డిగ్రీ కాలేజీకి పోయేవాళ్లం. వాళ్ల బాపు చక్కెర ఫ్యాక్టరీ దగ్గర చెరుకు బండ్లు దింపే కూలీ. మా నాన్న అక్కడే గుమాస్తా. మొదటి ర్యాంకు నాది. నాదే ఉండాలి! ఆమె చర్చిలో పాటల పుస్తకం అట్ట మీద కూడా లెక్కలు చేస్తుందని తెలిసి ఎంత కుళ్లుకున్నానో.

మా క్లాసంతా గైడు బట్టీ కొట్టేది. సార్ కూడా గైడు ముందు పెట్టుకునే పేపర్లు దిద్దేవాడు. ఆ ఏడు అర్ధసంవత్సర పరీక్షలో వంపు గీత కింది వైశాల్యం కనుక్కునే లెక్క వచ్చింది. గైడులో జవాబు ముందు మైనస్ గుర్తు పొరపాటున అచ్చయింది. అందరం అదే దించాం. ఆమె ఒక్కతే ప్లస్ రాసింది. సార్ కొట్టేశాడు.

"నాదే కరెక్టు సార్. రెండు పేజీలు చేసి సూసిన," అంటూ ఆమె లేచి నిలబడింది. ఆ మార్కులు కలిస్తే మొదటి ర్యాంకు ఆమెదే.

సార్ నా వైపు తిరిగాడు. "నువ్వు చెప్పమ్మా, ఏది కరెక్టు?"

నాకు తెలుసు. పరీక్షకు ముందే ఆ తప్పు పట్టుకున్నాను. మార్కులు పోతాయని మైనసే రాశాను.

"గైడుల ఉన్నదే కరెక్టు సార్," అన్నాను. ఆమె కూర్చుంది.

సాయంత్రం బస్సులో ఆమె నా ఒళ్లోని నోట్సు తీసుకుని తిరగేసింది. ఆ లెక్క పక్కన నేను పెన్సిల్‌తో గీసిన వంపు గీత, దాని కింద ఒక్క ముక్క: "గీతంతా అక్షానికి పైనే ఉంది, వైశాల్యం మైనస్ ఎట్లా అవుతుంది?" ఇక దులిపేస్తుంది అనుకున్నాను.

"అబ్బ! నేను రెండు పేజీలు రాస్తి. నువ్వు ఒక్క సూపుల పట్టినవ్! గింత మంచి ఉపాయం దాసుకున్నవేందే?"

తిట్టినా బాగుండేది. మార్కుల ఊసే లేదు. నా బొమ్మను తన నోట్సులోకి ఎక్కించుకుంటూ, బోధన్ వచ్చినా తల ఎత్తలేదు. ర్యాంకు నాకే మిగిలింది. ఆ ముఖంలోని సంతోషం చూడలేక కిటికీ వైపు తిరిగి ఏడ్చాను.