వదిన మూసిపెట్టిన పళ్లెం

పలాస జీడిపప్పు వ్యాపారులంతా కుటుంబాలతో గోవా వెళ్లినప్పుడు, కాసినో హోటల్లో పొద్దుటి బఫే చూసి మా వదిన పళ్లెం నిండా కుక్కుకుందని ఆవిడ మొగుడు ఇప్పటికీ అందరినీ నవ్విస్తుంటాడు. శుద్ధ అబద్ధం. పక్కనే కూర్చున్నదాన్ని నేను.

ఇంట్లో ఆయన భోజనానికి ఆలస్యమైతే, వదిన ఆయన వాటా వడ్డించి, పైన ఇంకో పళ్లెం బోర్లించి, తాను తినకుండా కూర్చునేది. అక్కడా అదే చేసింది. ఇడ్లీలు, పూరీలు, ఉప్మా పెట్టి మూసింది. ఆయనేమో కింద జూదం బల్ల వదిలి రాడు.

"నువ్వయినా తిను వదినా, బఫే మూసేత్తన్నారు."

"మీ అన్నయ్యని రానీయమ్మా. ఆకలేత్తే ఆయనకి కోపమొచ్చెత్తాది."

గిన్నెలు ఎత్తేస్తుండగా వచ్చాడాయన. పై పళ్లెం తీసి చూసి, స్నేహితులకు వినపడేలా, "ఏటే, జల్మలో తిండి సూళ్ళేదేటి?" అన్నాడు. అందరూ నవ్వారు. వదిన కూడా నవ్వింది. ఆ పూట పచ్చి మంచినీళ్లతో సరిపెట్టుకుంది.

మొన్న వదిన పెద్దకర్మ భోజనాల దగ్గరా ఆయన ఇదే కథ చెప్పాడు. వినలేక లేచి వచ్చేశాను. అడగాల్సింది అడగలేదు, ఇప్పుడడుగుతున్నాను.

అన్నయ్యా, ఆ పళ్లెం ఎవరి కోసమో మీకు నిజంగా తెలియదా?